మందు కొట్టని మడి

నెల్లికుదురు అవతలి తండాలో, మిరప పూతను తినే నల్లిని తెచ్చి వదిలింది హరిలాల్ బిడ్డ సుమేనని జనం చెప్పుకుంటారు. కాలేజీలో గాజు సీసాల్లో పెట్టి మేపి, గుడ్లు పెట్టించి, ఒక సాయంత్రం బస్సులో తెచ్చి తండ్రి తోటలో వదిలిందట. అక్కడి నుంచి తండా మొత్తానికీ పాకిందట. ఈ మాట నర్సింహులపేట చేరేసరికి సీసాలు డబ్బాలయ్యాయి. కొడకండ్ల దాటేసరికి డబ్బాలు సంచులయ్యాయి. ఎందుకు చేసిందంటే దానికీ జవాబుంది. పెద్ద పుస్తకంలో పేరు అచ్చు కావాలని, ఆ పేరుతో సర్కారు నౌకరీ పర్మనెంట్ చేయించుకోవాలని. తన కొలువు కోసం పది ఇళ్ల పొయ్యిలో నీళ్లు పోసిందని పురుగుమందుల షాపు అరుగు మీద కూర్చున్నవాళ్లు మాట ముగించేవాళ్లు.

ఎంత అబద్ధమైనా ఎక్కడో ఒకచోట నిజంలోంచే మొలుస్తుంది. సీసాలు నిజం. బస్సు నిజం. మందు కొట్టని మడి కూడా నిజమే.

సుమ ఎమ్మెస్సీ జువాలజీ. తండాలో అంత చదివిన ఆడపిల్ల ఇంకొకతె లేదు. బస్సులో గంట దూరాన ఉన్న సర్కారు డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా చేరింది. ఏటా కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలి. సెలవులకు జీతం ఉండదు. స్టాఫ్ రూములో కుర్చీ ఖాళీగా ఉంటే కూర్చోవాలి, లేకుంటే కిటికీ దగ్గర నిలబడాలి.

ఆ ఏడు మిరప తోటల మీద నల్లి పడింది. నువ్వు గింజ కన్నా చిన్నది. పూవు తుంచి తెల్ల కాగితం మీద దులిపితే నల్లటి చుక్కలు పరుగెత్తేవి. పూత రాలిపోయేది, ఆకు ముడుచుకుపోయేది. రైతులు ముందు వారానికోసారి, తర్వాత రోజు విడిచి రోజు మందు కొట్టారు. సుమ సెలవు రోజుల్లో భూపాలపల్లి దాకా పోయి తోటల్లో పూలు దులిపి చూసింది. అక్కడా అదే పురుగు. ఇటు కొడకండ్ల వైపు పోయినా అదే.

డిపార్ట్‌మెంట్ హెడ్ శ్రీపాల్ సార్ ఈ సంగతి విని సంతోషించాడు. కాలేజీకి గ్రేడు ఇచ్చే కమిటీ రాబోతోంది. ఏ డిపార్ట్‌మెంట్ ఎన్ని పరిశోధన పత్రాలు అచ్చు వేసిందని ప్రిన్సిపాల్ కనబడినప్పుడల్లా అడుగుతున్నాడు. జువాలజీకి చూపించడానికి ఒక్కటీ లేదు. ఆయన బీరువా తాళం సుమ చేతికిచ్చి, దుమ్ము పట్టిన మైక్రోస్కోపు బయటికి తీయించాడు. పోల్చి చూడాలంటే అసలు మందు కొట్టని మడి ఒకటి ఉండాలని, అట్లాంటి దానికి ఏ రైతూ ఒప్పుకోడని నిట్టూర్చాడు.

ఒప్పుకునే రైతు సుమ ఇంట్లోనే ఉన్నాడు.

హరిలాల్‌కు తోటకు మందు కొట్టకపోవడమంటే, జ్వరమొచ్చిన పిల్లను దవాఖానకు తీసుకుపోకుండా చూస్తూ కూర్చోవడమే. అయినా బిడ్డ అడిగింది. కాదనలేదు. బోరు పక్కన ఉన్న మడిని వదిలాడు. ఆ బోరు ఆయనా, వరుసకు తమ్ముడయ్యే భీమ్లా కలిసి వేయించుకున్నది. ఒకరి తర్వాత ఒకరు వంతుల మీద నీళ్లు పారించుకుంటారు. ఆ వంతే లేకుంటే హరిలాల్ నేలలో మిరప మొక్క నిలవదు.

పక్క తోటల్లో పంపులు మోగుతుంటే ఆయన గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడేవాడు.

"ఏందే అన్నా, నల్లికి దావత్ ఇస్తున్నవా?" అని దారిన పోయేవాళ్లు అనేవాళ్లు.

ఆయన నవ్వేసేవాడు. సుమ ఖాళీ సీసాలు బస్సులో తెచ్చేది, పురుగులు నింపి కాలేజీకి తీసుకుపోయేది. చూసినవాళ్లకు ఆమె తేవడమే గుర్తుంది.

మాఘం వచ్చేసరికి తోటలన్నీ పోయాయి. మందు కొట్టినవీ పోయాయి, కొట్టనిదీ పోయింది. సుమ పరిశోధనలో తేలింది కూడా అదే. కొట్టని మడిలో కనీసం నల్లిని తినే సాలీళ్లు, అక్షింతల పురుగులు బతికాయి. కొట్టిన తోటల్లో నల్లి తప్ప ఇంకే పురుగూ మిగల్లేదు. ఈ మాట అచ్చయితే వచ్చే ఏడైనా రైతులు మందుల షాపు చుట్టూ తిరగడం తగ్గుతుందని ఆమె ఆశపడింది. నిఘంటువు పక్కన పెట్టుకుని మొత్తం ఇంగ్లీషులో రాసింది. శ్రీపాల్ సార్ అక్కడక్కడ కామాలు దిద్ది పత్రికకు పంపించాడు.

ఆలోగా పుకారు పుట్టింది. ఎండాకాలంలో తండా పెద్దలు పంచాయితీ పెట్టారు. భీమ్లా కోరింది ఒక్కటే. మందు కొట్టని మడి వల్లనే తన తోట నాశనమైంది కాబట్టి బోరు నీళ్లలో ఇక హరిలాల్‌కు వంతు ఉండకూడదు.

పేపరు అచ్చయిందని పంచాయితీ నాటి పొద్దున్నే సుమ ఫోనుకు కబురు, దాని వెంట పేపరూ వచ్చాయి; తెరిచి చూసే తీరిక దొరకలేదు. ఆమెకు ధైర్యం వచ్చింది. మూడు జిల్లాల్లోనూ ఇదే పురుగని, గాలికి వచ్చిందని, ఎవరూ తెచ్చింది కాదని అందులో తాను రాసింది. అచ్చులో ఉన్న మాటను పెద్దలు కాదనరనుకుంది.

అప్పటిదాకా పంచాయితీ తండా భాషలో నడిచింది. పరిశోధన అనే మాట దగ్గరికి వచ్చేసరికి తెలుగులోకి దిగింది. భీమ్లా కొడుకు ప్రణయ్ హన్మకొండలో బీటెక్ చదువుతున్నాడు. చదివి చెప్పమని ఫోను అతని చేతికిచ్చారు. అతను పైకీ కిందికీ జరిపి చూశాడు.

"గిండ్ల నీ పేరేది అక్కా?"

సుమ ఫోను తీసుకుని చూసింది. శ్రీపాల్ సార్ పేరుంది. ప్రిన్సిపాల్ పేరుంది. మిరప తోట మొహమే చూడని ఇంకో సార్ పేరుంది. చివరిదాకా జరిపింది. సహకరించిన రైతులకు కృతజ్ఞతలు అని ఒక వాక్యముంది. ఆమె అందులోనూ లేదు.

"పరిశోధన వేరేటోళ్లు చేసిండ్రు గద," అన్నాడు పెద్దల్లో ఒకాయన, మెత్తగానే. "మరి నువ్వు గా సీసాలు ఎందుకు మోసినవ్ బిడ్డా?"

హరిలాల్ లేచి నిలబడ్డాడు.

"మొదటి పూలు ఎవరు తెచ్చిండ్రో చెప్పు సుమా. నేను ఆడ్నే ఉన్న."

భీమ్లా తల వంచుకుని చెప్పు కొసతో మట్టి గీరుతున్నాడు. సుమ ఆయన వైపు చూసింది. పురుగు గాలికి వచ్చిందంటే ఇక్కడ ఎవరూ నమ్మలేదు. మొదట ఎవరి తోటలో కనబడింది అంటే మాత్రం వెంటనే నమ్ముతారు. నేరం ఈ వాకిట్లోంచి ఆ వాకిట్లోకి నడిచిపోతుంది, అంతే. తాను మోస్తున్న అబద్ధాన్ని ఇంకొకరి నెత్తికెత్తడానికి ఆమెకు నోరు రాలేదు.

"గాలికొచ్చింది బాపూ," అన్నది. "ఎవరూ తేలే."

బోరులో హరిలాల్ వంతు పోయింది.

పని చేసింది తానేనని ఒక కాగితం రాసివ్వమని, తండాలో చూపించుకుంటానని సుమ శ్రీపాల్ సార్‌ను అడిగింది. ఆయన ఆమెకు చాయ్ తెప్పించాడు.

"రెగ్యులర్ స్టాఫ్ పేరుంటెనే కాలేజీ లెక్కల పడ్తదమ్మా. వచ్చే పేపర్ల నీ పేరే ముందు పెడ్త. కాగితాలు గీగితాలు అంటే ఇద్దరం పరేషాన్ అయితం."

కమిటీ వచ్చింది, చూసింది, పోయింది. కాలేజీ గేటుకు ముగ్గురు సార్ల ఫొటోలతో ఫ్లెక్సీ కట్టారు. జూన్‌లో సుమ మళ్లీ దరఖాస్తు పెట్టింది. ఆ ఖాళీలోకి బదిలీ మీద ఎవరో వచ్చారన్నారు. ఇప్పుడామె నర్సింహులపేటలో ప్రైవేటు బడిలో సైన్సు చెబుతోంది, సోషల్ టీచర్ రాని రోజు సోషల్ కూడా. హరిలాల్ వానను నమ్ముకుని పత్తి పెడుతున్నాడు. బోరు పక్క నుంచి పోవాల్సి వస్తే చుట్టు తిరిగి పోతాడు.

మరుసటి ఏడు తండాలో మందు కొట్టని మడి ఒక్కటీ లేదు. నల్లి మాత్రం వచ్చింది. నిరుడు సుమ వదిలిన వాటి గుడ్లేనని అందరూ అన్నారు.

సుమ ఇంకా ఒక్క సీసా కూడా పట్టుకోకముందు, ఆ పురుగు ఎట్లా ఉంటుందో ఆమెకు తెలియకముందు, ఒక పొద్దున భీమ్లా తన తోటలో రాలిన పూలను తువ్వాలలో మూటగట్టుకుని వాళ్ల వాకిట్లోకి వచ్చాడు. కాలేజీల చదువు చెప్తున్నవ్ గద బిడ్డా, గిదేందో జర చూడు అని, ఆ మూటను ఆయనే ఆమె చేతిలో పెట్టాడు.