ఆపండ్రా, ఆ గుడారాలెవరు ఏసిన్రు?

కాపురానికి వచ్చిన నాలుగో రోజు మౌనిక మామగారి ఒళ్లో గ్లాసెడు వేడి చాయ్ పోసింది. కారణం ఐదు వందల గుడారాలు.

ఆమె చాయ్ అందించబోతుంటే ఆయన టీవీకేసి చేయి చాచి "ఆపు" అన్నాడు. ఆపమన్నది టీవీని. మౌనిక తననే అనుకుని ఉన్నచోటే ఆగిపోయింది. చాయ్ మాత్రం ఆగలేదు. చెన్నకేశవులు పంచె దులుపుకుని, బిక్కచచ్చిన కోడలి వంక చూసి, "చాయ్ ఒలికింది. అది నమ్మొచ్చు బిడ్డా. గా గుడారాలే నమ్మేటట్టు లేవు" అన్నాడు.

ఆయనతో వచ్చిన చిక్కల్లా అదొక్కటే. టీవీలో నమ్మబుద్ధి కానిది కనబడితే కథను అంగుళం ముందుకు కదలనివ్వడు.

భోపాల్‌పట్నం బజారులో ఆయనది టెంట్ హౌస్. చుట్టుపక్కల ఏ పెళ్లి జరిగినా షామియానాలు, కుర్చీలు, వంట గుండిగలు అక్కడి నుంచే వెళ్లాలి. ఆదివారం సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేది నెట్‌లో వచ్చే ‘సాత్ చాంద్ కా తఖ్త్’ అనే హిందీ సీరియల్. ఏడు చందమామలున్న లోకం. ఒకే ఒక సింహాసనం. దాని కోసం కొట్టుకు చచ్చే పదకొండు వంశాలు. రెక్కల పాములు ఆకాశం నిండా ఎగిరితే గదిలో ఒక్కరూ రెప్ప వేసేవారు కాదు. ఆ పాముల మీద చెన్నకేశవులికి ఏ ఫిర్యాదూ లేదు.

"పాముకు రెక్కలొచ్చినయి. ఏ దేవుని వరమో, మనకెందుకు? కాని ఈ రాతినేల మీద ఒక్క పూటల ఐదు వందల గుడారాలు ఎవరు ఏసిన్రు? మన పనోడు మాడ నలుగురిని ఎంటేసుకోని పోయినా ఒక్క షామియానా లేపేసరికి పొద్దుగుంకుతది. రాతిల గూటం దిగాలె గద?"

"మాయ బాపూ. మాయతోని ఏసిన్రు" అన్నాడు చిన్న కొడుకు చక్రి.

"మాయ తెలిసినోడు గుడారంల ఎందుకు పంటడురా? మేడ కట్టుకోడా?"

మౌనిక నోరు తెరుచుకుని మామగారినే చూస్తూ ఉండిపోయింది. ఒక్క మనిషిలో ఇంత అనుమానం పడుతుందని ఆమెకు అంతవరకు తెలియదు.

వారాలు గడిచేకొద్దీ ఆ అనుమానం ఎంత లోతైనదో తెలిసొచ్చింది. ఆయన ఊరికే తప్పు పట్టడు. ముందు వెనకటి కథంతా తవ్విపోస్తాడు.

"ఆపు. ఈ వంటోడెవడు? మంచుకోట రాజు కొడుకు. వాని తండ్రిని సొంత చిన్నాయనే నిద్రల పొడిచె. తల్లి వీన్ని బుట్టల పెట్టుకోని అడివి దాటిచ్చె. ఇప్పుడు పగ తీర్చుకుంటనని మారువేషం ఏసుకోని అదే చిన్నాయన వంటింట్ల చేరిండు. చేరనీ. మూడు నెలల సంది వండుతుంటే చేతి మీద ఒక్క కాలిన మచ్చ లేదు. ఎట్ల నమ్మాలె?"

పెద్ద కొడుకు మురళి, అంటే మౌనిక మొగుడు, తల పట్టుకునేవాడు. "అదంతా మాకు ఎర్కనే గద బాపూ. మళ్ల మొదటికెల్లి ఎందుకు?"

"మొదలు తెలువంది తప్పెట్ల తెలుస్తదిరా?"

చచ్చిన రాణి ఒకనాడు సమాధిలోంచి లేచింది. అందరూ ఊపిరి బిగబట్టారు. ఆ నిశ్శబ్దంలో "ఆపు" అని వినబడింది. "లేచింది. లేవనీ. ఆమె సచ్చినకెల్లి తొమ్మిదేండ్లు మంచు కురుస్తనే ఉండె. గా మంచు కింద మట్టిల ఉన్న చీర, ఇస్త్రీ మడత సుత చెదరలే."

అందరూ విసుక్కునే ఆ అనుమానాల కోసం ఇంట్లో ఒక్క మౌనిక మాత్రం చకోరపక్షిలా కాచుకునేది. ఎందుకంటే ఆమెకు హిందీ రాదు, ఆయన అనుమానపడేది తెలుగులో.

భోపాల్‌పట్నం నదికి ఇవతల, హిందీ రాష్ట్రం అంచున ఉంది. ఆమెది అవతల, తెలంగాణ వైపు ఊరు. పెళ్లిచూపుల్లో వాళ్లమ్మ ధైర్యం చేసి "మా పిల్లకు హిందీ గడగడ వస్తది" అనేసింది. గడగడ వచ్చినవి రెండు పాటలు. తీరా వచ్చి చూస్తే ఇక్కడ అన్నదమ్ములు పోట్లాడుకునేది హిందీలో, కూరగాయలు బేరమాడేది హిందీలో, కరెంటు బిల్లు హిందీలో. ఇప్పుడు రాదంటే అమ్మ అబద్ధం బయటపడుతుంది. అందుకని ఆమె ఒక ఉపాయం పెట్టుకుంది. ఎవరేమన్నా నవ్వి "బహుత్ అచ్ఛా" అనడం.

వచ్చిన మూడో రోజే పక్కింటి లలిత గుమ్మంలో నిలబడి ఏదో చెప్పింది. మౌనిక నవ్వి "బహుత్ అచ్ఛా" అంది. లలిత ముఖం మారిపోయింది. అరుగు మీద కూర్చున్న మామగారు చప్పున అందుకుని హిందీలో నాలుగు మాటలు చెప్పాడు. లలిత కళ్లు తుడుచుకుని, తలూపి వెళ్లింది. "పాపం, లలిత పాలమేక సచ్చిపోయిందంట" అని సాయంత్రం అత్తగారు సావిత్రి చెప్పినప్పుడు గానీ తాను దేన్ని మెచ్చుకుందో మౌనికకు అర్థం కాలేదు. మామగారు ఆ "బహుత్ అచ్ఛా" విన్నాడో లేదో ఎంత ఆలోచించినా తేలలేదు.

అలాంటి మౌనికకు ఆదివారం గంటసేపు హిందీ అంటే నడి ఏట్లో వదిలేసినట్టే. ఈ ఇంటికి ఇంత అనుమానపు మనిషిని ఇచ్చి తనను గట్టెక్కిస్తున్నందుకు ఆమె దేవుడికి రోజూ ఒక దండం ఎక్కువ పెట్టేది.

ఆఖరి ఎపిసోడ్ దగ్గర పడింది. దాన్ని కలిసి చూడటానికి జగదల్‌పూర్ నుంచి ఆడబిడ్డ వాసవి వస్తోంది. వాసవి హిందీ టీచరు. సీరియల్ అయ్యాక ఒక్కొక్కరినీ "నీకు నమ్మబుద్ధైందా, ఎందుకైంది" అని హిందీలో అడిగి జవాబు రాబట్టకపోతే ఆమెకు అన్నం అరగదు. ఇన్నాళ్లూ ఫోన్‌లో అడిగితే మౌనిక సిగ్నల్ లేదని తప్పించుకుంది. ఎదురుగా కూర్చుంటే సిగ్నల్ పోదు.

దానికి తోడు చక్రి షరతు పెట్టాడు. "బాపూ, ఆఖరి ఎపిసోడ్‌ల ఒక్కపాలి ‘ఆపు’ అన్నవంటే నేను ఇల్లిడిసి పోత."

"అననులేరా" అన్నాడు చెన్నకేశవులు.

అంత తేలిగ్గా ఒప్పుకోవడం మౌనికకు అస్సలు నమ్మబుద్ధి కాలేదు. రెండు గంటల హిందీ, మధ్యలో ఒక్క అనుమానమూ లేకుండా.

ఆదివారం మధ్యాహ్నం మామగారు గోదాములోంచి కేకేశాడు. "బిడ్డా, మాడ రాలే. ఈ షామియానా మడత పెట్టాలె, ఒక కొస పట్టు."

ఇద్దరూ చెరో కొస పట్టుకుని ఇరవై అడుగుల దూరంలో నిలబడ్డారు.

"నాకొక అనుమానం బిడ్డా" అంటూ ఆయన గుడ్డతో సహా నడిచొచ్చాడు. "ఆ వంటోడు చిన్నాయనను చంపుతడనే గద అందరనుకునేది? చంపడు. కత్తి ఎత్తి దించుతడు. ఎందుకంటే ఆ ముసలోడు వీడు కాసిన గంజి తాగి, మా వదినె చేతి రుచి అని ఏడుస్తడు. ఒక్క గుక్కకే గుర్తుపడ్తడా?"

తన కొస ఆమెకిచ్చి మడత అంచు పట్టుకుని వెనక్కి వెళ్లాడు. మళ్లీ నడిచొచ్చాడు. "రెక్కల పాము సముద్రంల పడి సస్తది. రాణి ఒడ్డుకు గుంజిచ్చి పూడ్చిపెడ్తది. గంత గుంత ఎవరు తవ్విన్రు?" మళ్లీ వెళ్లి మళ్లీ వచ్చాడు. "ఆఖరుకు గద్దె ఎక్కేది రాణి. వంటోడు రాజ్యం వద్దని మళ్ల వంటింట్లకే పోతడు. వంట చేసినోడెవడన్న గట్లంటడా?"

షామియానా దిండంత అయ్యేసరికి కథ మొత్తం మౌనిక చేతుల్లోకి వచ్చేసింది.

"మామయ్యా, అది సాయంత్రం గద చూసేది. మీకెట్ల తెలిసింది?"

"పొద్దుగాలనే ఫోన్‌ల వస్తది. ప్రతి వారం ముందుగాల ఒకసారి చూసుకుంట. లేకపోతే ఎక్కడ ఆపాల్నో ఎట్ల తెలుస్తది?"

మౌనిక చేతిలోంచి గుడ్డ జారింది. "మామయ్యా, నాకు హిందీ..."

"కొస గట్టిగ పట్టుకో బిడ్డా. మడత పోతది."

వంటింట్లో ఆమె అత్తగారిని మెల్లగా అడిగింది. "అత్తమ్మా, మామయ్య మొదటికెల్లి గిట్లనేనా?"

"ఏడిది బిడ్డా. పెండ్లయి ముప్పై ఐదేండ్లాయె, టీవీ ముంగట పావుగంట కూసున్నది నేను చూడలే. ఆదివారమైతే గాలమేసుకోని ఏటికి చేపలకు పోతుండె. నువ్వొచ్చిన నాల్గోనాటి సంది పట్టుకున్నది ఈ పిచ్చి. వయసు అనుకుంటున్న" అంది సావిత్రి. పప్పులో గరిటె ఆడించడం మౌనిక మరిచిపోయింది. పప్పు అడుగంటింది.

సాయంత్రం చెన్నకేశవులు నోట్లో వక్క వేసుకుని మునిలా కూర్చున్నాడు. రెక్కల పాము కూలింది, సముద్రం గోడలా లేచింది, ఆయన నోరు మాత్రం లేవలేదు. మౌనికకు ప్రతి మాటా తెలిసినట్టే ఉంది. ఎంత తెలిసినట్టుందంటే, ముసలి చిన్నాయన గంజి గిన్నె అందుకోకముందే ఆమెకు ఏడుపొచ్చేసింది. వాసవి ఆమె సున్నితమైన మనసుకు ముగ్ధురాలైంది.

పట్టాభిషేకం మొదలైంది. గద్దె ఎక్కుతున్న రాణి మెడలో మోకాళ్ల దాకా మల్లెదండ. మౌనిక దాన్ని చూసింది. ఈ సంగతి మామగారు చెప్పలేదు. చూస్తుండగానే ఆమె చేయి దానంతటదే టీవీకేసి లేచింది.

"రుకో" అంది మౌనిక.

మురళి ఉలిక్కిపడి టీవీ ఆపాడు. తనకు వచ్చిన మాటలన్నీ కూడగట్టుకుని, ఆడదీ మగదీ తేడా లేకుండా కలిపేసి, మౌనిక హిందీలో అడిగింది, "నౌ సాల్ బర్ఫ్ గిరా. తో యే ఫూల్ కహాఁ సే ఆయీ?" తొమ్మిదేళ్లు మంచు కురిసిన రాజ్యంలో మల్లెపూలు ఎక్కడివని.

చెన్నకేశవులు వక్క నమలడం మానేసి కోడలి వంక కళ్లు విప్పార్చి చూశాడు. పొద్దున తాను రెండుసార్లు చూసినా ఆ దండ ఆయన కంటికి ఆనలేదు.

"అరే, నిజమే గద" అంది వాసవి, హిందీ టీచరునన్నది మరిచి తెలుగులో. "ఇన్ని వారాలు నేను మిమ్ములను అడుగుడే తప్ప సీరియల్‌ను అడుగుడు లేకపాయె."

చక్రి మాత్రం నెత్తి కొట్టుకున్నాడు. "వచ్చే ఆదివారం కొత్త సీరియల్ మొదలుపెడ్దామనుకుంటే, నీ రోగం వదినెకు సుత అంటిచ్చినవ్ గద బాపూ."

"మంచిదేరా, ఇగ ఆదివారం పూట నేను గాలమేసుకోని చేపలకు పోవొచ్చు" అన్నాడు చెన్నకేశవులు.