కాలేజీలో రానిది ఇంట్లో ఎందుకొస్తుంది?

నాచారంలో పాత ఇనుము కొనే సిద్దయ్య, కాంటా చూపిందే నమ్మే మనిషి. ఆయన కూతురు దీప ఇల్లు చేరగానే మెడ విదిలిస్తుంది, భుజం ఎగరేస్తుంది, గొంతులో "హుక్కు"మంటుంది. కాలేజీలో మాత్రం అవేవీ ఉండవు. లెక్చరర్లను అడిగితే "దీపనా? బంగారం!" అన్నారు. ఇంకేం, సిద్దయ్య తేల్చేశాడు. నలుగురిలో రానిది ఇంట్లో వచ్చిందంటే అది రోగం కాదు, గారాబం. హబ్సిగూడ హాస్టల్లో వేస్తే పదిమంది మధ్య దెబ్బకు కుదురుతుందని సీటు కూడా మాట్లాడాడు. దీప వద్దని ఏడ్చింది. ఏడుపుకి కరిగితే ఆయన సిద్దయ్య ఎలా అవుతాడు!

భార్య సత్తమ్మ పోరు పడలేక, చేర్చే ముందు ఉప్పల్లో డాక్టర్ బిందుమాధవికి చూపించాడు. అక్కడా దీప బొమ్మలా కూర్చుంది.

"సూసిన్రా మేడం? గీడ గిట్ల, ఇంట్ల గట్ల!"

"మీరు చెప్పిన ఈ విదిలింపులను టిక్స్ అంటారండీ, కావాలని చేసేవి కావు. ఎన్ని వస్తున్నాయి, ఎంత గట్టిగా వస్తున్నాయన్నదే కాదు, ఆపుకోవడానికి ఎంత కష్టపడుతోందో కూడా కొలవాలి" అంది డాక్టరు. దీప వైపు తిరిగి, "ఇక్కడ ఆపుకోవద్దమ్మా. వదిలెయ్" అంది.

దీప తండ్రి వైపు భయంగా చూసింది. తర్వాత వదిలేసింది. మెడ, భుజం, గొంతు అన్నీ ఒక్కసారే విరుచుకుపడ్డాయి. కుర్చీ కిర్రుమంది. సిద్దయ్య లేచి కుర్చీ పట్టుకున్నాడు. ఈ బక్కపిల్ల ఇంతసేపూ దీన్నంతా ఎక్కడ పట్టి ఉంచింది?

"కాలేజీల గూడ గిట్లనే ఆపుకుంటవా బిడ్డా?"

"పొద్దుగాల్నుంచి నాయినా. తుమ్ము ఆపినట్టే. ఒకటి ఆపంగనే ఇంకోటొస్తది. ఎప్పుడు ఇల్లొస్తదా అని సూస్త. ఇంట్లనైతే నువ్వు, అమ్మనే గదా."

సిద్దయ్య క్వింటాళ్ల ఇనుము ఎత్తే మొనగాళ్లను చూశాడు గానీ, ఇలాంటి బలం ఎన్నడూ చూడలేదు. దాన్నా తను గారాబం అన్నది! పిల్లకు ఊపిరాడే ఆ ఒక్క చోటే కూర్చుని తను రోజూ తిట్టాడే! సిగ్గు ముంచుకొచ్చింది, దాన్ని మించి కూతురికి చేతులెత్తి మొక్కాలనిపించింది. హాస్టల్ ఊసు అక్కడే వదిలేశాడు.

బయట బస్సు కిక్కిరిసి వచ్చింది. దీప భుజాలు బిగించుకుని ఎక్కబోయింది. సిద్దయ్య చెయ్యి పట్టి వెనక్కి లాగి, ఆటో పిలిచాడు.

చౌరస్తా దాటకముందే దీప మెడ విదిలించింది. డ్రైవరు అద్దంలో చూశాడు.

"ఏమైందన్నా పాపకు?"

"ఏం గాలే తమ్మీ. నేనున్న గదా పక్కన, ఆపుకుంటలేదు."