చెరుకురసానికి సున్నా మార్కులు

ఇరవై రెండేళ్ళ వయసులో మనిషికి తెలియనిదంటూ ఉండదు. ఆ తరవాత ఏడాదికి కొంత చొప్పున తగ్గుతూ వస్తుంది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, సరిగ్గా ఆ వయసులో, నేను మద్రాసులో ట్రెయినింగు ముగించుకుని నూజివీడులో ఒక హైస్కూలుకి అసిస్టెంటు మాస్టారుగా వచ్చాను. ఆ రోజుల్లో కొత్తగా ఉద్యోగంలో చేరే మాస్టార్లు ట్రంకు పెట్టెలో పంచెలూ, ఊరగాయ జాడీ, అడుగున జాతకచక్రం తెచ్చుకునేవారు. నా పెట్టెలో వీటితోపాటు తెలివితేటలు కొలిచే సాధనం కూడా ఉంది. ఏదో యంత్రమనుకునేరు, నలభై ప్రశ్నల కాగితం అంతే. మా గురువుగారు (మనసుని కొలవడమనే శాస్త్రానికి అప్పట్లో మన వైపున్న కొద్దిమంది భక్తుల్లో ఆయనొకరు) ఇంగ్లీషులో ఉన్న ఆ పరీక్షని నా చేతిలో పెట్టి, "దీన్ని తెలుగు చేసి, ఓ వందమంది పిల్లల మీద ప్రయత్నించి చూడవోయ్. ఫలితాలు మాత్రం ఎవరికీ చెప్పకు, ఇది ఇంకా పచ్చి సరుకు" అన్నారు. మొదటి మాట నాకు బాగా వినపడింది. రెండోది అంతగా వినపడలేదు.

తెలుగు చెయ్యడమంటే మాట తీసి మాట పెట్టడం కాదని, స్థానిక పరిస్థితులకి అనుగుణంగా మార్చాలని పుస్తకాల్లో చదివాను. అందుకని చాలా శ్రద్ధగా మార్చాను. ఇంగ్లీషు కాగితంలో నాలుగు పళ్ళ పేర్లలాంటివి ఇచ్చి, వాటిలో చేరనిది ఏదని అడిగే ప్రశ్న ఒకటుంది. ఆ పళ్ళు మనవాళ్ళు ఎరగరు కనక, ఉన్న ఊరిని గౌరవిస్తూ మామిడిపళ్ళు పెట్టాను. చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి, చెరుకురసం. మాది నెల్లూరు దగ్గర మెట్ట ఊరు, అక్కడ మామిడంటే ఆవకాయలో ముక్కే. పైగా నేను నూజివీడు చేరింది పళ్ళన్నీ అయిపోయాక, జూలైలో. మొదటి మూడు పేర్లూ నాతోపాటు గదిలో ఉండే డ్రిల్లు మాస్టారి దగ్గర విన్నాను. నాలుగోది మాత్రం నా సొంత తెలివి. గానుగ దగ్గర గ్లాసులో పోసిచ్చే చెరుకు రసాన్ని మామిడిపళ్ళ మధ్య కూర్చోబెడితే, "రసం" అన్న మాట చూసి తెలివితక్కువ పిల్లలు బోల్తా పడతారని, తెలివైనవాళ్ళు టక్కున పట్టేస్తారని నా ఉపాయం. ఆ ప్రశ్న రాసుకున్న రోజు కాసేపు నన్ను నేనే మెచ్చుకున్నాను.

మార్చిలో సెకండ్ ఫారం (ఇప్పటి ఏడో తరగతి) పిల్లలందరినీ హాల్లో కూర్చోబెట్టి పరీక్ష పెట్టాను. డ్రిల్లు మాస్టారి దగ్గర స్టాప్ వాచీ అడిగి తెచ్చుకుని, "ఈ కాగితం ఎవరి మొహమూ చూడదు. ఉన్నవాళ్ళా లేనివాళ్ళా అని చూడదు. బుర్ర ఎంతుందో అంతే చెప్తుంది. మధ్యలో ఎవరూ ఏమీ అడగకూడదు" అని ఉపన్యాసం ఇచ్చాను. ఆ ఆఖరి నియమం ఒకమ్మాయికి చాలా కష్టమైంది. ఆగిరిపల్లి దారిలో మూడు మైళ్ళవతల ఒక మామిడి తోటకి కాపలా ఉండే ఆయన కూతురు ఆ పిల్ల. రోజూ నడిచి వచ్చేది. క్లాసులో ఏ పాఠం చెప్పినా లేచి నిలబడి "ఎందుకండీ?" అనేది కనక మాస్టార్లందరం ఆ పిల్లని 'ఎందుకండీ' అనే పిలుచుకునేవాళ్ళం.

"మాస్టారండీ, ఒక మనిషి గంటకి ఒక చెట్టు కాయ కోస్తే అని ఉందండీ. ఏ చెట్టండీ? లేత చెట్టా, ముసలి చెట్టా?"

"అడగకూడదని చెప్పానా లేదా? ఏ చెట్టయినా ఒకటే."

"ఒకటి కాదండీ" అని గొణిగి, కలం కాగితం మీద పెట్టి, ఆ ఒక్క ప్రశ్న దగ్గరే చాలాసేపు ఉండిపోయింది. మిగతావాళ్ళు పేజీ తిప్పేశారు. నా స్టాప్ వాచీ తన పని తాను చేసుకుపోయింది.

కాగితాలు దిద్దుతుంటే నాకు జాలేసింది. మామిడిపళ్ళ ప్రశ్నకి క్లాసంతా "బంగినపల్లి" అని రాసింది. సరిగ్గా రాసింది ఒక్కడే, నెల క్రితం మద్రాసు నించి వచ్చి చేరిన తాసీల్దారుగారి అబ్బాయి. "మంచు పడుతున్నప్పుడు నువ్వు ఏం చేస్తావు?" అన్నదానికి (ఇంగ్లీషు కాగితం ప్రకారం సరైన జవాబు, ఉన్ని కోటు వేసుకుంటాను) ఎందుకండీ "పూత మాడిపోకుండా తోటలో పొగ పెడతాం" అని రాసింది. సున్నా. అన్నీ కూడితే తాసీల్దారుగారి అబ్బాయి మొదటివాడు, ఎందుకండీ అందరికన్నా ఆఖరు. తెలివైనదనుకున్న పిల్ల ఆఖరున రావడం చూసి నాకు అనుమానం రావాలి. రాలేదు. మన కళ్ళని మోసం చెయ్యొచ్చు గాని శాస్త్రాన్ని మోసం చెయ్యలేమని ముచ్చటపడి, ఆ మధ్యాహ్నమే జాబితా పట్టుకెళ్ళి హెడ్మాస్టరుగారికి చూపించాను. ఆయన అంతకన్నా ముచ్చటపడి, "మన స్కూల్లో మద్రాసు పరీక్ష జరిగిందంటే మాటలు కాదండీ" అని దాన్ని నోటీసుబోర్డుకి అంటించి, తాసీల్దారుగారిని స్వయంగా కలిసి అభినందించి వచ్చారు.

ఏప్రిల్లో, సెలవులిచ్చే రోజు, హెడ్మాస్టరుగారు నన్ను పిలిచి, "మీ ఎందుకండీ వాళ్ళ నాన్న పొద్దున వచ్చి టీసీ అడిగాడండీ. జూన్‌లో తీసుకోమన్నాను" అన్నారు.

"ఏమిటండీ కారణం?"

"మీ జాబితానే. పిల్లకి బుర్ర లేదని మద్రాసు కాయితంలో తేలింది గదండీ, ఇంక చదివించి లాభమేంటి, తోటలో కాయ ఏరుకుంటది అన్నాడు. పాపం, కోపంగా కూడా అనలేదు. నిజం చెప్పినందుకు మీకు దండాలు చెప్పమన్నాడు."

ఆ దండాలు నాకు ఎక్కడో తగిలాయి. స్కూలు పరీక్షల్లో లెక్కల్లో ఆ పిల్లదే మొదటి మార్కు. నేనే దిద్దాను. స్టాఫ్ రూములో కాసేపు అటూ ఇటూ తిరిగి, డ్రిల్లు మాస్టారి సైకిలు అడిగి, ఆ కాగితం జేబులో పెట్టుకుని, ఎండలో ఆగిరిపల్లి దారి పట్టాను.

తోటలో కోతలు సాగుతున్నాయి. కొసన వల సంచుల్లాంటి చిక్కాలు కట్టిన గడలతో మగవాళ్ళు కాయలు దింపుతుంటే, ఆడవాళ్ళు గంపలకెత్తి పాక దగ్గరికి మోస్తున్నారు. పాక నీడలో వరిగడ్డి పరుచుకుని, ముందున్న కాయల గుట్టని మూడు కుప్పలుగా ఏరుతోంది ఒక ముసలావిడ, ఎందుకండీకి నాయనమ్మ. పక్కనే ఎందుకండీ కూడా ఏరుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది గాని, మొట్టమొదటిసారిగా ఏమీ అడగలేదు. అది నాకు దండాలకన్నా గట్టిగా తగిలింది. వాళ్ళ నాన్న గబగబా వచ్చి మంచం వాల్చాడు.

"టీసీ తీసుకోకండి. తప్పు మీ అమ్మాయిది కాదు, కాగితానిది" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "మీరు జాలిపడి అంటన్నారు మాస్టారు. ఆ కాయితం ఎవరి మొహమూ చూడదంట గదా. మా పిల్ల వచ్చి చెప్పింది."

నా మాటలే నాకు అప్పజెప్పాడు. కాగితం నేనే తయారు చేశానంటే నమ్మడు. అచ్చయిన కాగితం తప్పంటే అసలే నమ్మడు. అప్పుడు ముసలావిడ, చేతిలో పని ఆపకుండానే, "ఏం అడిగావో ఓసారి చదువు బాబూ, వింటాం" అంది. చదివాను. గంపలు మోసేవాళ్ళు ఒక్కొక్కళ్ళే ఆగి చుట్టూ చేరారు. మంచు ప్రశ్నకి అందరూ ముక్తకంఠంతో పొగ అన్నారు. ఉన్ని కోటు అని నేను చెప్తే, కోటు చెట్టుకి ఎట్టా తొడుగుతారని ఒకాయన నిజంగానే అడిగాడు. చెట్టు కోత లెక్కకి, ఏ చెట్టో చెప్పకుండా జవాబెట్టా చెప్తారన్నారు. ఇక మామిడిపళ్ళ ప్రశ్న.

"బంగినపల్లే గదా" అంది ముసలావిడ. "అది కోసుకు తినే కాయ. కడమ మూడూ జుర్రుకునేయి."

"మూడు కాదు అవ్వా, రెండే. చెరుకు రసం పండు కాదు కదా, తాగేది."

ఎవరూ నవ్వలేదు. ఇప్పటికీ నాకు ఆశ్చర్యం, ఆ మర్యాదకి. ముసలావిడ మనవరాలి వంక చూసింది. ఆ పిల్ల లోపలికెళ్ళి, చిన్నదీ పెద్దదీ కాని ఒక పసుప్పచ్చటి పండు తెచ్చి నా చేతిలో పెట్టి, "ఇది చెరుకురసమండీ" అంది. అప్పుడు నవ్వారు అందరూ. నేను ఆ పండు జుర్రుకున్నాను. ఏం చెప్పను, నాకు వందమంది పిల్లల జవాబులు ఒక్కసారిగా గొంతులోంచి దిగాయి. ఆ ప్రశ్నకి మార్కు తెచ్చుకున్నవాడు ఆ క్లాసులో మామిడి తెలియని ఒకే ఒక్కడు. నేను కొలిచింది తెలివిని కాదు, ఎవరు నాలాగా ఆ ఊరికి కొత్తవాళ్ళో దాన్ని.

ముసలావిడ అంతటితో వదల్లేదు. ఓ పన్నెండు కాయలు నా ముందుకి నెట్టి, "ఏది టెంక ముదిరిందో, ఏది ఇంకా లేతో ఏరు బాబూ" అంది. పండితుడిలా నొక్కి, వాసన చూసి, రెండు కుప్పలు చేశాను. అన్నీ కలిపేసి మళ్ళీ ఏరమంది. ఏరాను. ఇందాక ముదిరినవాటిలో నాలుగు కాయలు ఇప్పుడు లేతవాటిలోకి వచ్చి పడ్డాయట (కాయల మీద ఆవిడ పెట్టిన గోటిగుర్తులు నేను గమనించలేదు). తరవాత మనవరాలిని ఏరమంది. రెండుసార్లూ అవే కుప్పలు. తనూ ఏరింది, ఆ పిల్ల చేసిన కుప్పలే వచ్చాయి.

"ఒకే కాయని ఒకసారి ముదురని, ఒకసారి లేతని చెప్పే చెయ్యి ఏరడానికి పనికిరాదయ్యా" అంది నెమ్మదిగా. తరవాత కొడుకు వైపు తిరిగి, "పిల్లని బడికి పంపరా. లేకపోతే ఈ బాబు ఇంకో కాయితం రాస్తాడు, తప్పని చెప్పడానికి అక్కడ ఒక్కళ్ళూ ఉండరు" అంది.

ఆయన "అమ్మ చెప్తే సరేనండీ" అన్నాడు. నేను తీసుకొచ్చిన వాదనలన్నీ జేబులోనే ఉండిపోయాయి.

మర్నాడు హెడ్మాస్టరుగారి ఇంటికెళ్ళి జాబితా మొత్తం తప్పని చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, "పిల్లల సంగతి సరేనండీ, తాసీల్దారుగారికి ఏం చెప్పమంటారు?" అన్నారు. ఏమీ చెప్పలేదనుకుంటాను. ఆ ఏడంతా ఆ కుర్రాడు మేధావిగానే చలామణి అయ్యాడు (తరవాత నిజంగానే బాగా చదివాడు కూడా, అది వేరే శాస్త్రచర్చ). గురువుగారికి ఎనిమిది పేజీల ఉత్తరం రాశాను, చెరుకురసంతో సహా. పది రోజులకి కార్డు వచ్చింది. "కాగితం చించెయ్యి. వీలు చూసుకుని నువ్వు వచ్చి నా దగ్గర చేరు" అని రెండే వాక్యాలు.

జూన్‌లో ఎందుకండీ థర్డ్ ఫారంలో మొదటి బెంచీలో కూచుంది. మద్రాసు వెళ్ళేదాకా నేను రాసిన ప్రతి ప్రశ్నా ముందు ఆ పిల్లకే చూపించేవాణ్ణి. సగం అక్కడే చచ్చిపోయేవి. చాలా ఏళ్ళ తరవాత తను లెక్కల టీచరై, ఒక సమావేశంలో నేను ఉపన్యసిస్తుంటే వెనక వరసలోంచి లేచి ఒక సందేహం అడిగింది. జవాబు ఇప్పటికీ వెతుకుతున్నాను.

ఆ తరవాత ముప్ఫై ఏళ్ళపాటు నేను చేసిందల్లా, ఒక కొలత రెండుసార్లు కొలిస్తే రెండుసార్లూ ఒకే మాట చెప్తుందా, అసలు కొలుస్తున్నామనుకున్నదాన్నే కొలుస్తోందా అని అడగడం. ఈ సంగతుల మీద లావుపాటి పుస్తకాలు రాశాను. ఈ రంగంలోకి ఎలా వచ్చారని విద్యార్థులు అడిగితే ఏదో గంభీరంగా చెప్తాను. కాని అప్పుడప్పుడు ఆ ఇరవై రెండేళ్ళ కుర్రాడు గుర్తొస్తాడు. చొక్కా ముందంతా మామిడి రసం మరకలతో, సైకిలు తొక్కుకుంటూ ఊళ్ళోకి వస్తున్నాడు. వాడికి పొగరెక్కువ, తెలిసింది తక్కువ. అయినా తప్పు చేశానని తెలిసిన రోజే, మిట్టమధ్యాహ్నం ఎండలో, ఆ మాట చెప్పడానికి మూడు మైళ్ళు వెళ్ళాడు. ఇప్పటి నేనైతే ఒక కమిటీ వేసి ఊరుకునేవాణ్ణి.