చెత్తలో హెచ్

ఇంటి ఫొటో స్టూడియో నడిపే పెద్దకోడలికి మౌస్ అంటే ఒళ్ళు మంట. ఫోల్డర్ మీద ఫోల్డర్ తెరుచుకుంటూ పోయే ఓపిక లేక, నల్లటి తెర మీద ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక్క తెలుగు మాట కొడితే కావలసిన ఫోల్డర్‌లోకి నేరుగా వెళ్ళేలా షార్ట్‌కట్‌లు పెట్టుకుంది. బడిపిల్లల ఫొటోలకు ‘బడి’, పనికిరాని వాటికి ‘చెత్త’.

ఆ పూట చెత్త ఖాళీ చేసే పని తోడికోడలికి అప్పజెప్పి వెనకే నిలబడింది. మధ్యాహ్నం బడివాళ్ళు ఫొటోల కోసం వస్తారు. వాటికి ఇంకో కాపీ లేదు.

బడి ఫోల్డర్‌లో ఉన్న చిన్నామె ‘చెత్త’ అని కొట్టింది, కానీ ‘టి’ అక్షరం తర్వాత ‘హెచ్’ పెట్టలేదు. ఆ మాట తెలియదని ఒక వరుస చూపించి, కంప్యూటర్ బడి ఫోల్డర్‌లోనే ఉండిపోయింది. చిన్నామె ఆ వరుస చూడలేదు. అన్నీ తీసెయ్యమని ఆజ్ఞ కొట్టేసి, ఎంటర్ మీదికి వేలు చాపింది.

పెద్దామె కీబోర్డు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. వైరు ఊడి వచ్చింది.

“ఏమైందక్కా?”

“పైవరుస చదువు.”

చదివిన చిన్నామె మొహంలో నెత్తుటి చుక్క లేదు. “చెత్తకి అక్కడ హెచ్ ఎందుకక్కా?” అంది.

“లేకపోతే చెట్ట అవుతుంది.”

“నేనెప్పుడూ హెచ్ లేకుండానే రాస్తాను.”

పెద్దామె వైరు గుచ్చి, ఆజ్ఞ చెరిపేసి, హెచ్ లేకుండా ఇంకో షార్ట్‌కట్ పెట్టింది.

“ఇక నువ్వెలా రాసినా చెత్తలోకే పోతావు.”