మెట్ల మీద నిమ్మకాయ

నా చిన్నప్పుడు మా క్వార్టర్లలో కరెంటు పోతే జనం కొవ్వొత్తికంటే ముందు నన్ను వెతికేవారు. చీకట్లో కూర్చోవడానికి ఏదో ఒక కాలక్షేపం కావాలి కదా. ఎవరు ఎలా నడుస్తారో, ఎవరు ఎలా తుమ్ముతారో, జీతాల రోజున పక్క బ్లాకు పెద్దాయన గొంతు ఎలా మారుతుందో అన్నీ చేసి చూపించేవాణ్ణి. చదువు నన్ను మధ్యలోనే వదిలేసింది గానీ ఈ విద్య మాత్రం ఇప్పటికీ వదల్లేదు.

తొంభైల మొదట్లో మాట. గోదావరి జిల్లా నుంచి వచ్చిన మా నాన్న విశాఖపట్నం పోర్టులో క్రేన్ నడిపేవారు. మాది మూడంతస్తుల బ్లాకు. పై అంతస్తులో ఒక చంటిపిల్లాడు ఉండేవాడు. ఒకరోజు వాడికి జ్వరం పెరిగి, ఒళ్ళు కొయ్యబారిపోయి, కళ్ళు తేలేశాడు. తల్లీ తండ్రీ వాణ్ణి ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తారు. వాళ్ళు వెళ్ళిన కాసేపటికి, మెట్లు మలుపు తిరిగేచోట కుంకం పూసిన నిమ్మకాయ ఒకటి ఆ పిల్లాడి నాన్నమ్మ కంటపడింది. ఆవిడ గుండెలు బాదుకుంటూ అక్కడే కూలబడింది. చిల్లంగి అంది. చేతబడిని మా ఊళ్ళో అలాగే అంటారు.

పొద్దున్నుంచి ఈ మెట్లెక్కిన పరాయివాళ్ళెవరని ఆడవాళ్ళు ఒకరినొకరు అడుగుతున్నారు. రోజూ మాకు చేపలు తెచ్చే ఆమె అక్కడ వంగడం చూశానని నేను చెప్పాను. అంతవరకూ నిజమే. అక్కడితో ఆగి ఉంటే బావుండేది. కానీ అందరూ నా వైపు తిరిగారు. వంగి ఏం చేసిందిరా అని ఎవరో అడిగారు. ఆడేవాణ్ణి పట్టుకుని ఇంకోసారి ఆడమన్నట్టే కదా అది. చేపలమ్మలాగే నడుం మీద చెయ్యేసుకుని వంగి, కళ్ళు సగం మూసి, పెదాలు కదిపాను. ఒకావిడ అయ్యబాబోయ్ అంటూ చెవులు మూసుకుంది. నాకు హుషారొచ్చింది. మళ్ళీ చేశాను.

సాయంత్రానికి నా స్నేహితుడు ఆమె చేతిలో ఎర్రదారం కూడా చూశానన్నాడు. ఇంకొకడు జుట్టు విరబోసుకుందన్నాడు. వింతేమిటంటే, వాడు దారం అనగానే నాకూ ఆ దారం గుర్తొచ్చేసింది. ముడులు కూడా గుర్తొచ్చాయి.

మగవాళ్ళు డ్యూటీ దిగి వచ్చారు. గేటు దగ్గర గుంపుగా నిలబడి మాట్లాడుకున్నారు. రేపు ఆమె రాగానే పట్టుకోవాలి, చిల్లంగి పెట్టేవాళ్ళ పళ్ళు రాలగొడితే ఇక మంత్రం నోట పలకదు అని ఒకాయన చాలా మామూలుగా అన్నాడు. కొళాయి బాగుచెయ్యాలి అన్నట్టు. సంగతి ఇంత దూరం వెళ్తుందని నేను అనుకోలేదు. అయినా ఊరుకున్నాను. అందరూ నా మాట నమ్మిన రోజు అది.

మా ఎదురింటి పిన్ని ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ నుంచి వచ్చి సంగతంతా విన్నది. జ్వరం ముదిరితే చంటిపిల్లలకి ఫిట్సు వస్తాయని, అలాంటివి రోజూ చూస్తానని చెప్పింది. "నువ్వు సర్చికెల్లేదానివి, మా సంగతులు నీకేటి తెలుత్తాయమ్మా" అని నాన్నమ్మ కొట్టిపారేసింది. పిన్ని లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి ఒక సీసా, కాస్త దూది పట్టుకుని బయటికి వచ్చింది.

పిల్లలందర్నీ వరసల్లో కూర్చోమంది. పెద్దవాళ్ళు గోడకానుకుని చూస్తున్నారు. "ఇది దోమల మందు. దీని వాసన ఎంత దూరమెల్తాదో సూడాల. ముందున్నోల్లకి ముందొత్తాది, ఎనకున్నోల్లకి ఎనకొత్తాది. వాసనొచ్చినోల్లు సెయ్యెత్తండి" అని చెప్పి, ముఖం పక్కకు తిప్పుకుంటూ దూది మీద సీసా వంచింది.

ముందు వరసలో చేతులు లేచాయి. తర్వాత రెండో వరసలో. నేను ఒక్క చెయ్యి ఎత్తి సరిపెట్టుకునే రకం కాదు. గట్టిగా తుమ్మి, వేపాకూ కిరసనాయిలూ కలిపి తగలబెట్టినట్టుందన్నాను. అందరూ నవ్వారు. ముందు కూర్చున్న ఒక చిన్నపిల్ల మాత్రం నాకేం రాలేదంది. దాని ముక్కు చెరువైపోయింది, వాసన అందులో మునిగిపోయి ఉంటుందన్నాను. మళ్ళీ నవ్వులు. ఆ పిల్ల అటూ ఇటూ చూసి మెల్లగా చెయ్యెత్తింది. అప్పటికి పై అంతస్తు నాన్నమ్మ కూడా పైటచెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

పిన్ని సీసా ఎత్తి గటగటా తాగేసింది.

"కొళాయి నీల్లు" అంది.

ఎత్తిన చేతులు ఒక్కొక్కటీ కిందికి దిగాయి. నాకు మాత్రం ఒళ్ళు మండింది. నిజంగానే వచ్చింది పిన్నీ, ఒట్టు అన్నాను. ఎవరో కిసుక్కుమన్నారు. పిన్ని నవ్వలేదు. నా ముందుకొచ్చి గొంతుక్కూర్చుంది.

"నువ్వు అబద్ధమాడినావని నానన్లేదురా. వచ్చిందనే అనుకున్నావు. పొద్దున్న ఏటి సూసినావో ఇప్పుడు సెప్పు. సూసింది మట్టుకే. నవ్వించకు."

మెట్ల కింద గోళీలాడుతున్నానని చెప్పాను. ఆమె మొహం కనపడిందా అని పిన్ని అడిగింది. లేదు, వీపు కనపడింది. మరి పెదాలు కదపడం? వీపు వైపు నుంచి పెదాలు కనపడవు. దారం? స్నేహితుడి వైపు చూశాను. వాడు నేల చూస్తున్నాడు.

"మరెందుకొంగింది?"

అప్పుడు గుర్తొచ్చింది. తట్ట దించుకోవడానికి. తలమీది బరువు ఒంటరిగా దించుకోవడం కష్టమని, ఆ మలుపు దగ్గర ఆగి రోజూ నన్నే పిలిచేది. ఆ రోజు కూడా పిలిచింది. గెలిచే ఆట వదిలి వెళ్ళడం ఇష్టంలేక వినపడనట్టు ఉండిపోయాను. గోడకు చెయ్యి ఆన్చి, మోకాళ్ళు మడిచి, తనే మెల్లగా దించుకుంది. నేను చూసిన వంగడం అదీ.

ఆ మాట అందరి ముందూ చెప్పాను. ఎప్పుడూ నా మాటకు నవ్వే మనుషులు ఒక్కరూ నవ్వలేదు. మా అమ్మ తలుపు చాటుకి తప్పుకుంది. పళ్ళు రాలగొట్టాలన్నాయన చెప్పుల కోసం వెతుక్కుంటున్నాడు. అవి ఆయన కాళ్ళకే ఉన్నాయి. అయితే ఆ నిమ్మకాయ ఎవరు పెట్టినట్టు అని నాన్నమ్మ అడిగింది.

"తెలీదు. తెలీనప్పుడు తెలీదనే అనాల" అంది పిన్ని. అది ఈనాటికీ ఎవరికీ తెలీదు.

అబద్ధం చెప్పి ఉంటే నాలుగు రోజులు సిగ్గుపడి మర్చిపోయేవాణ్ణేమో. నేను అబద్ధం చెప్పలేదు. ఆ వాసన నా ముక్కుకి నిజంగా తగిలింది. ఆ దారం నా కంటికి నిజంగా కనపడింది. నా సిగ్గంతా అదే. నా బుర్ర నన్నే అంత సులువుగా బుట్టలో వేసి, ఆ లేని దారం పట్టుకుని ఒక మనిషి పళ్ళ దాకా వెళ్ళింది.

చంటివాడు జ్వరం తగ్గి ఇంటికి వచ్చాడు. మర్నాడు చేపలమ్మా వచ్చింది. గేటు దగ్గర ఎవరూ లేరు. తలుపులన్నీ మూసి ఉన్నాయి. భయంతో కాదు, ఆమె మొహం చూడలేక. "ఏటమ్మా, ఈయేల ఎవులూ తలుపు తియ్యరేటి? నా సేపలేమైనా కుల్లినాయా?" అని మెట్ల మీంచి కేకేసింది. మా అమ్మ నా చేతికి పళ్ళెం ఇచ్చి బయటికి తోసింది. వెళ్ళి తట్టకు చెయ్యేశాను. "మా బాబే. నువ్వు లేపోతే నా నడుం ఇరిగిపోతాది" అంటూ ఒక కానాగంత చేప ఎక్కువేసింది. ఆ పూట చేపల పులుసు నేను ముట్టలేదు.

ఎవరు చెప్పారో తెలీదు, కొన్నాళ్ళకి ఆమెకు మొత్తం తెలిసిపోయింది. ఆ తర్వాత మా మెట్లెక్కలేదు. గేటు అవతల రోడ్డు పక్కన కూర్చుని కేకేసేది. కావాలన్నవాళ్ళే దిగి వెళ్ళేవారు. ఆమె దూరంగా కనపడగానే నేను పరిగెత్తేవాణ్ణి. నేను చేరేలోపే, గోడ పట్టుకుని, తట్ట తనే దించేసుకునేది. నన్ను ఒక్క మాటా అనలేదు. పళ్ళెంలో చేపలు మాత్రం సరిగ్గా తూకానికి వేసేది.

ఇప్పుడు ఆటోనగర్‌లో నాకొక చిన్న స్పేర్‌పార్టుల కొట్టుంది. సాయంత్రమైతే చుట్టుపక్కల షెడ్లవాళ్ళు నా కబుర్ల కోసం బల్ల మీద చేరతారు. మా పిల్లలు ఫోన్లోదో బడిలోదో ఏదైనా మోసుకొస్తే, ఇందులో నువ్వు చూసిందెంత, విన్నదెంత అని అడుగుతాను. పెదవి విరుస్తూనే రెండుగా విడదీసి చెబుతారు. నా సంగతే కష్టం. కథ రక్తి కడుతుంది, అందరూ ముందుకు వంగుతారు, అందులో ఎవరిదో పేరు ఉంటుంది. సరిగ్గా అక్కడ నా నోరు ఆగిపోతుంది. ఆ తర్వాతది నేను చూడలేదు, తెలీదు అంటాను. "అదేటి బావా, మద్దిలో వదిలేసినావు" అని తిడతారు. అంత మంచి కథ చేతిలోంచి జారిపోతుంటే ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది. అయినా జారనిస్తాను.