మామ వదిలేసిన పుట్టి

మంగళవారం పొద్దున వర్లి నుంచి కబురు వచ్చింది, మామ పోయాడని. అక్కడ అక్క కొడుకు ఇంట్లో ఉంటూ, కొన్నాళ్లుగా ఆయాసంతో బాధపడుతున్నాడు. కొడుకులు లేరు. అక్క కొడుకే తలకొరివి పెట్టాడు.

ఒకప్పుడు కామాటిపురాలో మా పక్క ఖోలీ ఆయనది. వరుస కలిసినా కలవకపోయినా ఆ ఒంటిగదుల చాల్‌లో అందరికీ మామే. పాలమూరు జిల్లాలో కృష్ణ ఒడ్డు ఊరు. అక్కడ నది మీద పుట్టిని నడిపేవాడు, ఇక్కడ సెంట్రింగ్ పనికి వెళ్లేవాడు. మిల్లుల సమ్మె నడుస్తున్న ఏడాది, ఎండాకాలమంతా సాయంత్రాలు గ్యాలరీలో కూర్చుని వెదురు బద్దలు చీరి, ముగ్గురు పట్టే పుట్టి ఒకటి అల్లాడు. గుండ్రటి బుట్టలాంటి పడవ. అడుగున తార్పాలిన్ కుట్టి తారు పూశాడు. బోర్లించిన దాని వీపు మీద ఆడవాళ్లు వడియాలు పెట్టేవారు. తారు వాసన కొడతాయని మా అమ్మ మాత్రం పెట్టలేదు.

ఆదివారాలు దాన్ని మోసుకుని మామ, సమ్మెతో పనిలేక ఉన్న, మేమంతా అల్లుడనే పిలిచే ఆ అక్క కొడుకు, నేను బైకుల్లా స్టేషన్‌కు నడిచేవాళ్లం. లగేజీ డబ్బాలో ఒక హమాలీ దాన్ని చూసి పెళ్లివంటల గంగాళమా అన్నట్టు నవ్వాడు.

"క్యా చాచా, కిస్కీ షాదీ హై?"

"మేరీచ్," తనదేనన్నాడు మామ. "బిర్యానీ ఖానేకో ఆనా."

కల్యాణ్ దాటాక ఒక చిన్న స్టేషన్‌లో దిగితే ఉల్హాస్ నది దగ్గర. మధ్యలో ఒకరి వరిమడి. ఎన్నిసార్లు వెళ్లినా మామ కంచె దగ్గర ఆగి, "వహినీ, జాఊ కా?" అని కేకేసి ఆ ఇంటావిడను దారి అడిగేవాడు. ఇంట్లోంచి జవాబు వచ్చేదాకా అడుగు వేసేవాడు కాదు. అల్లుడు విసుక్కునేవాడు.

"నది అందరిదిరా. నదికి పోయే తొవ్వ ఒకరిది," అనేవాడు మామ.

దిగే ముందు గడ్డిపోచ ఒకటి నీళ్లలో వేసి, అది ఎటు పోతుందో చూసేవాడు. ఒడ్డు చెట్లు వాలి కొమ్మలు మునిగిన చోటికి పుట్టిని పోనిచ్చేవాడు కాదు. "కొమ్మల సందుల నీళ్లు పోతయ్. మనిషి పోడు."

దిగువన నదికి అడ్డంగా ఒక కట్ట ఉంది. నడుమెత్తు కూడా ఉండదు. దానికి బాగా ఎగువనే ఒడ్డు చేరి, పుట్టిని ఎత్తుకుని గట్టు మీదుగా నడిచి దాటేవాళ్లం. వానలు పడ్డాక ఒక ఆదివారం, కట్ట మీద నుంచి నీళ్లు నున్నగా జారుతున్నాయి. మామా నేనూ దిగాం. అల్లుడు దిగలేదు.

"జారుడు బండ లెక్క ఉంది మామా. జర్రున పోత."

"దిగు కిందికి."

"కృష్ణ దాటినోనివి, గీ నాలాకు బయపడ్తున్నవా? నువ్వు నడ్సుకుంట రా."

మామ తిట్టలేదు. పుట్టి అంచు పట్టుకుని వంచాడు. అల్లుడు మోకాలిలోతు నీళ్లలో పడ్డాడు. అతను లేచేలోగా తెడ్డు నా చేతికిచ్చి, ఖాళీ పుట్టిని ప్రవాహంలోకి తోశాడు.

అది కట్ట మీద నుంచి మెత్తగానే జారింది.

"సూస్తివా, ఏం కాలే!" అన్నాడు అల్లుడు.

ముందుకు పోవలసిన పుట్టి వెనక్కి తిరిగింది. పడుతున్న నీళ్ల కిందికి వచ్చి మునిగింది. కాస్త అవతల లేచి, మళ్లీ కట్టకే వచ్చింది. వెదురు విరిగిన చప్పుడు ఒడ్డుకు వినిపించింది. అల్లుడు చొక్కా విప్పబోయాడు. మామ అతని మణికట్టు పట్టుకున్నాడు.

"ఎండకాలం మొత్తం అల్లితివి గద మామా," అన్నాడు అల్లుడు.

"దాంట్ల నువ్వు లేవు. గది సూడు."

మళ్లీ అల్లుతానన్నాడు గాని అల్లలేదు. అల్లుడు వాచ్‌మన్ పనిలో చేరాడు, ఆదివారాలు చెదిరిపోయాయి. మొన్న వర్లిలో చావింట్లో అతని పిల్లలిద్దరూ జనం కాళ్ల మధ్య ఆడుకుంటున్నారు. ఎవరూ గదమలేదు.

పుట్టి పోయిన ఆ సాయంత్రం నా చేతిలోని తెడ్డు తీసుకుని స్టేషన్‌కు అల్లుడు ముందు నడిచాడు. మామ అడిగినా దాన్ని ఇవ్వలేదు. గట్టు మలుపులో మామ ఆగి, వెనక్కి చూశాడు. తెల్లటి నురగలో నల్లటి అంచు ఒకటి ఇంకా లేస్తోంది, మునుగుతోంది, లేస్తోంది.