వాన వెలిసిన మర్నాడు సాచిన తెల్లనూలు

మా చిన్నప్పుడు... గట్టివాన కొట్టి వెలిసిందంటే, మర్నాడు పొద్దున నగరి ఊళ్లో మా వీధంతా తెల్లనూలే. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా మగ్గానికెక్కించే నిలువు పోగులు, పడుగులు సాచి, ఆడవాళ్లు గంజి పట్టిస్తుంటే మగవాళ్లు కుంచెలతో దువ్వేవాళ్లు.

మాది మగ్గాల ఇల్లు. రంగునూలు ఏ రోజైనా సాచేవాళ్లం. పంచెల కోసం తెల్లనూలు మాత్రం వాన వెలిసిన మర్నాడే. వీధి మొగదలే బస్సుల రోడ్డు... ఆ దుమ్మూ పొగా తడిగంజికి అంటుకుంటే ఇక వదలవు. ఎర్రనూలు మీదైతే కనపడదు గానీ తెల్లదాని మీద దాగుతుందా!

సన్న తుంపర పడితే మా నాయన కదిలేవాడు కాదు. "తుంపర్ని నమ్మకూడదురా. పైనుండే మసినంతా తెచ్చి నూలు మీదే యేస్తాది. గట్టివాన పడనీ, గాలి కడుక్కోనీ" అనేవాడు. నాకేమో ఆ తుంపరలోనే గంతులేయాలని ఉండేది... బనియన్ మీద మరకలు చూసి అమ్మ వీపు విమానం మోత మోగించేది.

పడుగు సాచిన పూట మా వీధిలోకి ఎవరూ ఇంజిన్ వేసుకుని వచ్చేవాళ్లు కాదు. అదొక కట్టుబాటు... స్కూటర్లవాళ్లు వీధి మొగదలే ఆపేసి తోసుకుంటూ వచ్చేవాళ్లు. సరుకుల ఆటో వస్తే మాకు పండగే. పిల్లలమంతా చేరి వెనక నుంచి తోస్తుంటే, ఆటో ఆయన దొరలా హ్యాండిల్ పట్టుకుని కూర్చునేవాడు.

పెద్దయ్యాక నేను మగ్గం వదిలేసి, తిరుపతిలో సరుకుల వ్యాను కొనుక్కున్నాను. ఇక్కడా వాన వెలిస్తే కొండ కడిగి పెట్టినట్టు కనపడుతుంది... బస్సులూ, ఆటోలూ, నాలాంటి వాళ్ల వ్యాన్లూ కలిసి మళ్లీ మసక చేసేస్తాం. అందరూ చేసేదే కదా అనుకుంటూ బతికేశాను.

పోయిన వానాకాలంలో నగరి మీదుగా వస్తూ మా చిన్నాయన ఇంటికి వెళ్లాను. ఆ వీధిలో ఇంకా నేస్తున్నది ఆయనొక్కడే. ముందురోజు వాన దంచింది. చిన్నాయన, చిన్నమ్మ ఇద్దరే తెల్ల పడుగు సాచి గంజి పట్టిస్తున్నారు... ఎవరిదో పెళ్లికి ఒప్పుకున్న పంచెలవి. నేను వ్యాను తీసుకెళ్లి ఆ పక్కనే నిలిపాను. బ్యాటరీ సరిగా లేదని ఇంజిన్ ఆపలేదు.

"బండి ఆపరాదా నాయనా, గంజి పచ్చిగా ఉండాది" అనింది చిన్నమ్మ.

"ఆపితే మళ్లా స్టార్ట్ కాదు చిన్నమ్మా. కాఫీ తాగేసి పోతా" అన్నాను.

కాఫీ అయింది, తర్వాత కబుర్లు... బయటికి వచ్చి చూస్తే గాలి కదలక పొగ వీధిలోనే నిలిచిపోయి ఉంది. పడుగు ఒక పక్కంతా నల్లటి నలుసులు. చిన్నమ్మ తడిగుడ్డతో అద్దుతోంది. అద్దేకొద్దీ మసి పాకుతోంది.

చిన్నాయన ఆమె చేతిలోంచి తడిగుడ్డ తీసేసుకున్నాడు. "నువ్వు పో నాయనా, లోడు ఆలస్యమైతాది. దీన్ని ఉతికి నీలం రంగు అద్దించుకుంటాంలే. పెళ్లోళ్లకు నేను చెప్పుకుంటా" అన్నాడు.

నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. సిగ్గుతో ఆయన ముందు తల ఎత్తలేకపోయాను. తెలియక చేశానని చెప్పుకోవడానికైనా లేదు... ఆ వీధిలో ఆటోలు తోసి పెరిగినవాణ్ణి. నా పనికి ఆలస్యం కాకూడదనుకున్నాను, ఆయన పని పాడు చేశాను.

ఒక ఇంటి నూలు కోసం వీధి వీధంతా బండ్లు ఆపుకున్న రోజులు ఎటు పోయాయో... మీ వీధుల్లో కూడా ఒకరి పని కోసం అందరూ ఇలా ఆగిన జ్ఞాపకాలు ఉంటే రాయండి. చదవాలని ఉంది.

మొన్న చిన్నాయన నాకొక నీలం లుంగీ పంపించాడు, ఆ పడుగుతో నేసిందే. బాగా వచ్చింది, కట్టుకో అని చెప్పి పంపాడు... ఇంకా మడత విప్పలేదు. ముఖం చెల్లడం లేదు.